వైమార్ నుంచి యుద్ధం దాకా: జర్మనీలో ప్రజాస్వామ్యాన్ని ఎవరు అప్పగించారు?

హిట్లర్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "అతన్ని జర్మన్లే ఓట్లేసి గెలిపించారు కదా!" అందులో సగం నిజం ఉంది. మిగతా సగం తెలుసుకోకపోతే ఆ దేశ చరిత్ర మొత్తం తలకిందులుగా అర్థమవుతుంది. స్వేచ్ఛగా జరిగిన ఏ ఎన్నికలోనూ నాజీ పార్టీకి మెజారిటీ రాలేదు. 1932 జులైలో 37 శాతం ఓట్లు తెచ్చుకుంది. అదే దాని గరిష్ఠం. ఆ నవంబరులో మళ్లీ ఎన్నికలు జరిగితే 33 శాతానికి దిగజారింది. సుమారు 20 లక్షల ఓట్లు, 34 సీట్లు పోయాయి. పార్టీ అప్పుల్లో ఉంది, కార్యకర్తలు నీరసించిపోయారు. అయినా మూడు నెలలు తిరగకుండానే, 1933 జనవరి 30న, హిట్లర్ ఛాన్సలర్, అంటే ప్రభుత్వాధినేత, అయ్యాడు.

గ్రాఫు పడిపోతున్న నాయకుడి చేతికి దేశం ఎలా వెళ్లింది? జనం కోపం, దారిద్ర్యం, యూదుల మీద ద్వేషం, మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడాక నెత్తిన పడ్డ వర్సాయ్ సంధి అవమానం అన్నీ ఇందులో ఉన్నాయి. కానీ అవన్నీ కలిసినా అతన్ని గుమ్మం దాకానే తెచ్చాయి. తలుపు తీసినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్ల పేర్లు, వాళ్లు కలుసుకున్న తేదీలు మనకు తెలుసు.

ఓడింది ఒకరు, సంతకం చేసింది మరొకరు

1918 సెప్టెంబరు చివరికి మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓటమి ఖాయమైంది. వెంటనే కాల్పుల విరమణ కోరాలని ప్రభుత్వాన్ని ఒత్తిడి చేసింది సైన్యాధిపతులు హిండెన్‌బర్గ్, లూడెన్‌డార్ఫ్‌లే. కానీ నవంబరు 11న కాంపియేన్ అడవిలో ఆగిన రైలు పెట్టెలో ఒప్పందం మీద సంతకం పెట్టాల్సి వచ్చింది సెంటర్ పార్టీ నాయకుడు మథియాస్ ఎర్జ్‌బెర్గర్‌కు. ఆయన సైనికుడు కాదు, పార్లమెంటు సభ్యుడు. అంతకు రెండు రోజుల ముందే చక్రవర్తి గద్దె దిగాడు, బెర్లిన్‌లో గణతంత్రం ప్రకటించారు (రాజ్యాంగ సభ కూడిన ఊరి పేరుతో దీన్నే వైమార్ గణతంత్రం అంటారు). పుట్టిన రెండో రోజునే కొత్త ప్రజాస్వామ్యం తాను చేయని యుద్ధం తాలూకు ఓటమిని నెత్తిన వేసుకుంది.

ఏడాది తర్వాత అదే హిండెన్‌బర్గ్ పార్లమెంటు విచారణ సంఘం ముందు కూర్చుని, సైన్యం ఓడిపోలేదని, దాన్ని వెనక నుంచి పొడిచారని చెప్పాడు. ఈ అబద్ధం ప్రాణాలు తీసింది. 1921 ఆగస్టులో ఎర్జ్‌బెర్గర్‌ను కాల్చి చంపారు. 1922 జూన్‌లో విదేశాంగ మంత్రి వాల్టర్ రాథెనౌను కారులో వెళ్తుండగా చంపారు. ఆయన యూదుడు కావడం హంతకుల దృష్టిలో రెండో నేరం. న్యాయమూర్తులు చాలామంది చక్రవర్తి కాలంనాటివాళ్లు. వామపక్షాలకు కఠినంగా, కుడిపక్ష జాతీయవాదులకు మెత్తగా శిక్షలు వేయడం వాళ్లకు అలవాటు. 1923 నవంబరులో మ్యూనిక్‌లో సాయుధ తిరుగుబాటు చేసి నలుగురు పోలీసుల మరణానికి కారణమైన హిట్లర్‌కు ఐదేళ్ల శిక్ష వేశారు. ఏడాది కూడా పూర్తికాకుండా 1924 డిసెంబరులో వదిలేశారు.

ఇక వర్సాయ్ సంధి, ద్రవ్యోల్బణం. యుద్ధానికి బాధ్యత జర్మనీదేనని సంధిలో రాశారు, సైన్యాన్ని లక్ష మందికి కుదించారు, 1921లో 13,200 కోట్ల బంగారు మార్కుల పరిహారం నిర్ణయించారు. 1923 నవంబరులో ఒక డాలరు విలువ 4.2 లక్షల కోట్ల మార్కులకు చేరింది. జీవితకాలం దాచుకున్న సొమ్ముతో ఒక రొట్టె కూడా రాని పరిస్థితి. ఈ రెండింటినీ చెప్పి నేరుగా హిట్లర్ దగ్గరికి దూకేయడం పాఠ్యపుస్తకాలకు అలవాటు. అది సరికాదు. ద్రవ్యోల్బణం 1923 చివర్లోనే ఆగింది. ఆ తర్వాత విదేశాంగ మంత్రి స్ట్రెసెమన్ అమెరికా రుణాలు తెచ్చాడు, ఫ్రాన్స్‌తో రాజీ కుదిర్చాడు, 1926లో జర్మనీని నానాజాతి సమితిలో చేర్చాడు. 1928 మే ఎన్నికల్లో నాజీలకు వచ్చింది 2.6 శాతం ఓట్లు, 12 సీట్లు. వర్సాయ్ అవమానమే కారణమైతే అప్పటికి తొమ్మిదేళ్లుగా ఆ అవమానం ఉంది. జనం మాత్రం వాళ్లను పట్టించుకోలేదు.

48వ అధికరణ

1919 ఆగస్టులో అమల్లోకి వచ్చిన వైమార్ రాజ్యాంగం ఆ కాలానికి చాలా ముందున్నది. స్త్రీలకు ఓటు హక్కు, పౌర హక్కులు, దాదాపు ప్రతి ఓటుకూ విలువనిచ్చే దామాషా పద్ధతి, అన్నీ అందులో ఉన్నాయి. ప్రజలు నేరుగా ఎన్నుకునే అధ్యక్షుడికి మాత్రం రెండు పెద్ద ఆయుధాలిచ్చారు. ఒకటి పార్లమెంటును, అంటే రైష్‌టాగ్‌ను, రద్దు చేసే అధికారం. రెండోది 48వ అధికరణ: శాంతిభద్రతలు ప్రమాదంలో పడితే సైన్యాన్ని దించవచ్చు, కొన్ని ప్రాథమిక హక్కులను నిలిపివేయవచ్చు, అత్యవసర ఉత్తర్వులతో పాలించవచ్చు. ఆ ఉత్తర్వులను రైష్‌టాగ్ మెజారిటీతో రద్దు చేయవచ్చన్నదే దీనికి పెట్టిన కళ్లెం. అలా రద్దు చేసిన రైష్‌టాగ్‌నే అధ్యక్షుడు రద్దు చేస్తే? రాజ్యాంగం రాసినవాళ్లు ఆ రెండు అధికరణలనూ పక్కపక్కన పెట్టి ఆలోచించినట్టు లేదు.

గ్రూప్స్ పరీక్షలకు చదివినవారికి ఈ వైమార్ పేరు కొత్త కాదు. అత్యవసర పరిస్థితిలో ప్రాథమిక హక్కుల నిలిపివేతను మనం అక్కడి నుంచే తీసుకున్నామని గైడ్లన్నీ చెబుతాయి. 1949 ఆగస్టులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ సరిగ్గా ఈ పోలికనే ఎత్తిచూపి అత్యవసర నిబంధనలను గట్టిగా వ్యతిరేకించారు. 1975-77 అనుభవం తర్వాత 44వ సవరణ వచ్చి 20, 21 అధికరణల జోలికి అత్యవసర పరిస్థితిలో కూడా వెళ్లకుండా కట్టడి చేసింది.

తొలి అధ్యక్షుడు ఎబర్ట్ కూడా 48వ అధికరణను చాలాసార్లు వాడాడు, అయితే గణతంత్రాన్ని కాపాడటానికి. 1925లో ఆయన చనిపోయాక అధ్యక్షుడైంది ఎవరు? "వెనక నుంచి పొడిచారు" అన్న హిండెన్‌బర్గ్. 77 ఏళ్ల వయసులో, చక్రవర్తి మీద భక్తి చావని మనిషి చేతికి ఆ రెండు ఆయుధాలూ వెళ్లాయి.

అర శాతం దగ్గర కూలిన ప్రభుత్వం

1929 అక్టోబరులో స్ట్రెసెమన్ చనిపోయాడు. అదే నెలలో న్యూయార్క్ షేర్ మార్కెట్ కూలింది. అమెరికా అప్పులు ఆగిపోయాయి, జర్మనీలో ఫ్యాక్టరీలు మూతపడటం మొదలైంది. అప్పుడు సోషల్ డెమొక్రాట్ హెర్మన్ ముల్లర్ ఐదు పార్టీల సంకీర్ణాన్ని నడుపుతున్నాడు. నిరుద్యోగ బీమా నిధికి డబ్బు చాలక, జీతం నుంచి వసూలు చేసే వాటాను 3.5 శాతం నుంచి 4 శాతానికి పెంచాలా, భృతి తగ్గించాలా అని గొడవ పడింది. పరిశ్రమాధిపతుల పార్టీ పెంచవద్దంది. కార్మిక సంఘాల ఒత్తిడితో సోషల్ డెమొక్రాట్లు రాజీ ప్రతిపాదనను కాదన్నారు. 1930 మార్చి 27న ప్రభుత్వం రాజీనామా చేసింది. పార్లమెంటులో మెజారిటీ ఉన్న చివరి వైమార్ ప్రభుత్వం అదే.

ఈ ఘట్టాన్ని ఎప్పుడు చదివినా నాకు మనసు చివుక్కుమంటుంది. ఇరుపక్షాల వాదనలోనూ న్యాయం ఉంది. కానీ తాము దిగిపోతే ఆ కుర్చీకి ఏమవుతుందో ఎవరూ లెక్క వేయలేదు. హిండెన్‌బర్గ్ చుట్టూ ఉన్న బృందం, ముఖ్యంగా జనరల్ ష్లైషర్, పార్లమెంటుతో పని లేని ప్రభుత్వం కోసం అప్పటికే పథకం వేసుకుని ఉంది. కొత్త ఛాన్సలర్ బ్రూనింగ్ జులైలో తన బడ్జెట్‌ను 48వ అధికరణ కింద ఉత్తర్వుగా తెచ్చాడు. రైష్‌టాగ్ దాన్ని రద్దు చేసింది. హిండెన్‌బర్గ్ రైష్‌టాగ్‌ను రద్దు చేశాడు. సెప్టెంబరు ఎన్నికల్లో నాజీలు 12 సీట్ల నుంచి 107కు ఎగబాకారు.

ఆ తర్వాత బ్రూనింగ్ జీతాలు, పింఛన్లు, సంక్షేమం కోస్తూ పోయాడు. అంటే హిట్లర్ ఎదిగింది ధరలు ఆకాశానికంటిన 1923లో కాదు, ధరలూ జీతాలూ కలిసి పడిపోయిన 1930-32లో. 1932 మొదట్లో నమోదైన నిరుద్యోగులే 60 లక్షలు దాటారు. ఆ ఏడాది రైష్‌టాగ్ చేసిన చట్టాలు 5. అత్యవసర ఉత్తర్వులు సుమారు 60. హిట్లర్ రాకముందే పార్లమెంటు కట్టడంగా మిగిలింది, వ్యవస్థగా ఆగిపోయింది.

నాజీలకు ఎవరు ఓటేశారు? ఉత్తరాది ప్రొటెస్టెంట్ గ్రామాల రైతులు, చిన్న దుకాణదారులు, గుమాస్తాలు, అంతవరకు ఓటే వేయనివాళ్లు ఎక్కువ. కాథలిక్కులు, సంఘటిత కార్మికులు చాలావరకు తమ పాత పార్టీలను వదల్లేదు. ఉద్యోగాలు పోయిన కార్మికులు ఎక్కువగా కమ్యూనిస్టుల వైపు వెళ్లారు. 1932 నవంబరులో సోషల్ డెమొక్రాట్ల 20 శాతం, కమ్యూనిస్టుల 17 శాతం కలిపితే నాజీల కంటే ఎక్కువే. కానీ మాస్కో గీసిన గీత ప్రకారం కమ్యూనిస్టులకు అసలు శత్రువులు సోషల్ డెమొక్రాట్లు. వాళ్లను "సోషల్ ఫాసిస్టులు" అని తిట్టేవారు. 1919లో తమ నాయకులు రోజా లక్సంబర్గ్, కార్ల్ లీబ్‌క్నెక్ట్‌ల హత్యల నాడు అధికారంలో ఉన్నది సోషల్ డెమొక్రాట్లేనన్న గాయం వాళ్లలో మానలేదు. పిట్ట పోరు పిల్లి తీర్చిందన్న సామెత ఇంత ఖరీదుగా ఇంకెక్కడా నిజమై ఉండదు.

మరో తేదీ మీద దృష్టి పెట్టాలి, దీన్ని చాలామంది దాటేస్తారు: 1932 జులై 20. బ్రూనింగ్ తర్వాత ఛాన్సలర్ అయిన పాపెన్, 48వ అధికరణ సాయంతో, ప్రష్యా రాష్ట్ర ప్రభుత్వాన్ని ఊడబెరికాడు. జర్మనీ జనాభాలో దాదాపు ఐదింట మూడొంతులు ప్రష్యాదే. అక్కడ సోషల్ డెమొక్రాట్ల నాయకత్వంలోని ప్రభుత్వం ఉంది, దాని చేతిలో దేశంలోకెల్లా పెద్ద పోలీసు బలగం ఉంది. ఆ ప్రభుత్వం ఎదురు తిరగలేదు, కోర్టుకు వెళ్లింది. ఇన్ని లక్షల మంది నిరుద్యోగులున్నప్పుడు సార్వత్రిక సమ్మె నిలబడదని నాయకులు భావించారు. వాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే. ఆరు నెలల తర్వాత ఆ పోలీసు బలగం అలాగే, చెక్కుచెదరకుండా, హిట్లర్ అనుచరుడు గోరింగ్ చేతికి వెళ్లింది.

1933 జనవరి: నలుగురైదుగురి బేరం

1932 డిసెంబరులో పాపెన్‌ను దించి ష్లైషర్ ఛాన్సలర్ అయ్యాడు. పాపెన్‌కు పగ పట్టుకుంది. జనవరి 4న కొలోన్‌లో ష్రోడర్ అనే బ్యాంకర్ ఇంట్లో అతను హిట్లర్‌ను రహస్యంగా కలిశాడు. ఆ నెలంతా మంతనాలు సాగాయి. హిండెన్‌బర్గ్ కొడుకును కూడా ఒప్పించారు. "ఆ ఆస్ట్రియా కార్పొరల్" అని హిట్లర్‌ను ఈసడించుకునే వృద్ధుడు చివరికి మెత్తబడ్డాడు, ఎందుకంటే మంత్రివర్గంలో నాజీలు ముగ్గురే ఉంటారని, మిగతా అంతా మన వాళ్లేనని పాపెన్ హామీ ఇచ్చాడు.

జనవరి 30 ఉదయం పదకొండు గంటలకు ప్రమాణ స్వీకారం. అధ్యక్షుడి గది పక్కనే కొత్త మంత్రులంతా నిలబడి ఇంకా పోట్లాడుకుంటున్నారు. వెంటనే మళ్లీ ఎన్నికలు పెట్టాలని హిట్లర్ పట్టు. జాతీయవాద పార్టీ నాయకుడు హ్యూగెన్‌బెర్గ్ ససేమిరా అన్నాడు, ఎన్నికలు పెడితే హిట్లర్ బలం పెరుగుతుందని అతనికి తెలుసు. ఫలితం ఏదైనా మంత్రివర్గాన్ని మార్చనని హిట్లర్ మాట ఇచ్చాడు. అధ్యక్షుణ్ణి ఇంకా వేచి ఉంచడం బాగుండదని తొందరపెట్టారు. హ్యూగెన్‌బెర్గ్ తగ్గాడు. ఒక ముసలాయన్ని నిమిషాలు నిలబెట్టకూడదన్న మర్యాద కోసం ఆ గదిలో వదులుకున్నది ఆఖరి అడ్డుకట్ట. రెండు నెలల్లో హిట్లర్‌ను మూలకు నెట్టేస్తామని పాపెన్ మిత్రులతో ధీమాగా అన్నాడు. వీళ్లెవరూ నాజీలు కారు. పార్లమెంటు, కార్మిక సంఘాలు వాళ్ల కంటికి నలుసులు. జనాన్ని కూడగట్టే శక్తి తమకు లేదు గనుక హిట్లర్ జనాన్ని అద్దెకు తెచ్చుకున్నామనుకున్నారు.

యాభై రెండు రోజులు

ఫిబ్రవరి 27 రాత్రి రైష్‌టాగ్ భవనం తగలబడింది. లోపల వాన్ డెర్ లుబ్బె అనే డచ్చి యువకుడు దొరికాడు. ఇది కమ్యూనిస్టుల తిరుగుబాటని నాజీలు ప్రకటించారు. మర్నాడే 48వ అధికరణ కింద హిండెన్‌బర్గ్ సంతకంతో ఉత్తర్వు వచ్చింది: వ్యక్తి స్వేచ్ఛ, వాక్ స్వాతంత్ర్యం, పత్రికా స్వేచ్ఛ, సమావేశపు హక్కు, ఉత్తరాల గోప్యత, అన్నీ తదుపరి ఉత్తర్వుల వరకు రద్దు. ఆ "తదుపరి ఉత్తర్వులు" పన్నెండేళ్లపాటు రానే లేదు. ప్రష్యాలో గోరింగ్ నాజీ దళాలకు చేతిపట్టీలు కట్టి సహాయ పోలీసులను చేశాడు. ఇంతటి భయంలో మార్చి 5న జరిగిన ఎన్నికల్లో కూడా నాజీలకు వచ్చింది 43.9 శాతమే.

రాజ్యాంగాన్ని పక్కన పెట్టే చట్టానికి మూడింట రెండొంతుల మెజారిటీ కావాలి. హిట్లర్ ప్రమాణం చేసిన యాభై రెండు రోజులకు, మార్చి 23న, కాలిపోయిన భవనానికి ఎదురుగా ఉన్న క్రోల్ ఒపెరా హాలులో సభ కూడింది. వేదిక వెనక పెద్ద స్వస్తిక జెండా. నడవాల్లో గోధుమ రంగు చొక్కాల దళం. గెలిచిన 81 మంది కమ్యూనిస్టులలో ఒక్కరు కూడా అక్కడ లేరు, జైల్లోనో అజ్ఞాతంలోనో ఉన్నారు. 120 మంది సోషల్ డెమొక్రాట్లలో 26 మంది రాలేకపోయారు. కారణం చెప్పకుండా గైర్హాజరైనవారిని హాజరైనట్టే లెక్కించాలని స్పీకర్ గోరింగ్ ముందే నిబంధన మార్పించాడు, కోరం లోపించకుండా. సెంటర్ పార్టీ ఓట్లే నిర్ణాయకం. దాని నాయకుడు, మతాచార్యుడు లుడ్విగ్ కాస్, హక్కుల విషయంలో హిట్లర్ లిఖితపూర్వక హామీ ఇస్తానన్నాడని తన సభ్యులకు చెప్పాడు. ఆ ఉత్తరం ఓటింగు సమయానికి రాలేదు. ఎప్పటికీ రాలేదు. అయినా వాళ్లు అనుకూలంగా ఓటేశారు.

వ్యతిరేకంగా మాట్లాడటానికి లేచింది ఒక్కరే, సోషల్ డెమొక్రాట్ నాయకుడు ఒట్టో వెల్స్. బయట గుంపు అరుస్తోంది. ఆయన సభలోనే హిట్లర్ ముఖం మీద చెప్పారు: మా స్వేచ్ఛను, ప్రాణాన్ని తీసుకోగలరు గాని మా గౌరవాన్ని తీసుకోలేరు. హాజరైన 94 మంది సోషల్ డెమొక్రాట్లూ వ్యతిరేకంగా ఓటేశారు. అనుకూలంగా 444. ప్రభుత్వం పార్లమెంటు లేకుండానే చట్టాలు చేయవచ్చు, అవి రాజ్యాంగానికి విరుద్ధంగా కూడా ఉండవచ్చు. నాలుగేళ్ల గడువుతో తెచ్చిన ఆ చట్టాన్ని పొడిగిస్తూ పోయారు. వైమార్ రాజ్యాంగాన్ని లాంఛనంగా రద్దు చేయాల్సిన అవసరం కూడా హిట్లర్‌కు రాలేదు. సభకు ముందురోజే మ్యూనిక్ దగ్గర డాఖావ్‌లో నిర్బంధ శిబిరం తెరిచారు. వెల్స్ 1939లో పారిస్‌లో, ప్రవాసంలోనే కన్నుమూశారు.

తర్వాతవి చకచకా జరిగిపోయాయి. ఏప్రిల్‌లో యూదులను, ప్రత్యర్థులను ప్రభుత్వ ఉద్యోగాల నుంచి తీసేసే చట్టం, మే 2న కార్మిక సంఘాల కార్యాలయాల స్వాధీనం, జులై 14కు దేశంలో చట్టబద్ధంగా మిగిలింది ఒక్క పార్టీ. 1934 జూన్ 30న మొదలైన హత్యాకాండలో సొంత దళపతి ఎర్న్‌స్ట్ రోమ్‌ను చంపారు, మాజీ ఛాన్సలర్ ష్లైషర్‌ను, ఆయన భార్యను వాళ్ల ఇంట్లోనే కాల్చేశారు. మూలకు నెట్టేస్తానన్న పాపెన్ సహాయకులిద్దరు హతమయ్యారు, అతను గృహనిర్బంధంలో పడ్డాడు. మూడు రోజుల తర్వాత ఆ హత్యలన్నీ చట్టబద్ధమేనని ఒక్క వాక్యంతో చట్టం చేశారు. కార్ల్ ష్మిట్ వంటి పేరున్న న్యాయ పండితుడు దాన్ని సమర్థిస్తూ వ్యాసం రాశాడు. ఆగస్టు 2న హిండెన్‌బర్గ్ చనిపోగానే సైనికుల చేత రాజ్యాంగం పేరిట కాక హిట్లర్ పేరిట ప్రమాణం చేయించారు.

యుద్ధం వేరే అధ్యాయం కాదు

మొదట్లో దేశాన్ని బాగు చేశాడు, తర్వాత యుద్ధం చేసి చెడగొట్టాడు అన్న వాదన ఇప్పటికీ వినిపిస్తుంది. 1933 ఫిబ్రవరి 3న, పదవిలోకి వచ్చి వారం కాకముందే, జనరళ్లతో విందులో హిట్లర్ తన ఉద్దేశం చెప్పాడు: మార్క్సిజాన్ని పెకలించడం, సైన్యాన్ని పెంచడం, తూర్పున భూమిని ఆక్రమించి జర్మన్లతో నింపడం. ఆ విందుకు వచ్చిన ఒక జనరల్ రాసుకున్న నోట్సులో ఇది ఉంది.

నిరుద్యోగం తగ్గిన మాట నిజమే. విశాలమైన రహదారుల వల్ల అంటారు గాని, వాటి నిర్మాణంలో బాగా జోరుగా ఉన్నప్పుడు కూడా సుమారు లక్ష పాతిక వేల మందికే పని దొరికింది. అసలు ఖర్చు ఆయుధాల మీద. దానికి డబ్బెక్కడిది? రైష్‌బ్యాంక్ అధినేత షాఖ్ట్ మెఫో అనే డొల్ల కంపెనీ పేరిట హుండీలు, అంటే తర్వాత చెల్లిస్తామనే హామీ పత్రాలు, రాయించాడు. ఆయుధ కర్మాగారాలకు నోట్లకు బదులు ఆ కాగితాలు అందేవి, అప్పు బడ్జెట్‌లో కనిపించేది కాదు. 1938 నాటికి అవి సుమారు 1,200 కోట్ల మార్కులకు చేరాయి. ఇనుము, నూనె, రబ్బరు దిగుమతికి విదేశీ మారకం లేదు. 1936లోనే నాలుగేళ్లలో సైన్యమూ ఆర్థిక వ్యవస్థా యుద్ధానికి సిద్ధం కావాలని హిట్లర్ ఆదేశించాడు. ఇక వెనక్కి తగ్గాలి, లేదా పక్కవాడి ఖజానా కొల్లగొట్టాలి. 1938 మార్చిలో ఆస్ట్రియా బంగారం చేతికొచ్చింది. సెప్టెంబరులో మ్యూనిక్‌లో బ్రిటన్, ఫ్రాన్స్‌లు చెకొస్లొవేకియా సరిహద్దు ప్రాంతాలను అప్పగించాయి. 1939 మార్చిలో ప్రాగ్‌నే ఆక్రమించాడు. ఆగస్టు 23న స్టాలిన్‌తో ఒప్పందం. సెప్టెంబరు 1న పోలండ్.

1933లో ఉద్యోగాల నుంచి, 1935 న్యూరెంబర్గ్ చట్టాలతో పౌరసత్వం నుంచి, 1938 నవంబరు దాడులతో ఇళ్ల నుంచి, దుకాణాల నుంచి యూదులను తరిమారు. యుద్ధం మాటున 60 లక్షల మందిని చంపారు. ఒక్కో మెట్టు దగ్గరా ఒక ఉత్తర్వు ఉంది, దాన్ని అమలు చేసిన గుమాస్తా ఉన్నాడు, దాన్ని కొట్టేయగల న్యాయస్థానం మాత్రం మిగల్లేదు.

1949లో పశ్చిమ జర్మనీ రాజ్యాంగం రాసినవారిలో కొందరు నాజీ జైళ్లు చూసినవారే. వాళ్లు పగుళ్లను ఒక్కొక్కటిగా వెతికి పూడ్చారు. అధ్యక్షుణ్ణి జనం నేరుగా ఎన్నుకోరు, అతనికి 48వ అధికరణ వంటిది లేదు. మానవ గౌరవాన్ని, ప్రజాస్వామ్య మూలసూత్రాలను ఎంత మెజారిటీ ఉన్నా సవరించలేరు. అవిశ్వాసంతో ఛాన్సలర్‌ను దించాలంటే అదే ఓటుతో కొత్త ఛాన్సలర్‌ను ఎన్నుకోవాలి. కూల్చడానికి కలిసి, నిలబెట్టడానికి విడిపోయే మెజారిటీలకు ఇక చోటు లేదు. ఈ పద్ధతిని ఇంతవరకు రెండుసార్లే ప్రయోగించారు. 1972లో విలీ బ్రాంట్ మీద పెట్టింది రెండు ఓట్ల తేడాతో వీగిపోయింది. 1982 అక్టోబరు 1న హెల్ముట్ ష్మిట్ దిగిపోయారు, అదే ఓటుతో హెల్ముట్ కోల్ ఛాన్సలర్ అయ్యారు.